సాయం చేసే క్లాసుకీ సరైన పేరుండాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ నాకిచ్చిన సమయం తక్కువ, మన్నించండి. పర్లాకిమిడిలో, తెలుగు భాషా దినోత్సవం నాడు, వీడు కంప్యూటరు గోల ఎత్తాడేమిటి అని కొందరికి అనిపించవచ్చు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజనుల మధ్యకు వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్నారు. చదివేవాడికి అర్థమయ్యే మాటే పుస్తకంలో ఉండాలని జీవితాంతం పట్టుబట్టారు. ప్రోగ్రాము రాసే పిల్లలకు నేను చెప్పదలిచిందీ అదే.

వెనక వరసల్లో ఉన్న ఇంజనీరింగ్ పిల్లలూ, కాస్త ఫోన్లు పక్కన పెట్టండమ్మా. ప్రోగ్రాములో సంబంధమున్న కోడును ఒక పేరు కింద చేర్చిపెట్టే పెట్టెనే క్లాసు అంటాం. ప్రాజెక్టు మొదలైన వారానికే మీ దాంట్లో ఒక 'యుటిల్స్' క్లాసు, అంటే యుటిలిటీల పెట్టె, చిల్లర సాయాలది, పుడుతుంది. తర్వాత ఒక 'హెల్పర్', దాని వెనకే 'మేనేజర్'. లోపల ఏముందో ఈ పేర్లు చెప్పవు. అందుకే ఎవరికి తోచింది వాళ్ళు అందులో పడేస్తారు.

విశాఖపట్నంలో నేను పనిచేసిన ఒక కంపెనీలో బిల్లుల సాఫ్ట్‌వేరు ఉండేది. తేదీని అచ్చుకు సిద్ధం చేసే మెథడ్, అంటే ఒక పని చేసిపెట్టే కోడు ముక్క, 'కామన్‌యుటిల్స్'లో ఒకటి, 'డేట్‌హెల్పర్'లో ఇంకొకటి. రెండింటి పేరూ 'ఫార్మాట్‌డేట్' అనే. మొదటిదాంట్లో సంవత్సరానికి ఇంగ్లీషు అక్షరం చిన్న వై నాలుగుసార్లు, రెండోదాంట్లో పెద్ద వై నాలుగుసార్లు. ఆ సాఫ్ట్‌వేరు రాసిన జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న వై మామూలు సంవత్సరం. పెద్ద వై వారాల లెక్కన నడిచే సంవత్సరం; డిసెంబరు చివరి రోజులు కొన్నిసార్లు వచ్చే ఏడాది మొదటి వారంలోకి పోతాయి. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ రెండూ ఒకే జవాబిస్తాయి. 2018 డిసెంబరు 31న మాత్రం బిల్లులన్నీ 2019 డిసెంబరు 31 తేదీతో అచ్చయ్యాయి!

కొత్తగా చేరిన ఒక అమ్మాయి, మన జిల్లా పిల్లే, 'డేట్‌హెల్పర్'లోని మెథడ్‌ను ఆ బిల్లుల కోసం వాడింది. తేదీ పని డేట్‌హెల్పర్‌లో కాక ఇంకెక్కడ వెతుకుతుందండీ? అందరి ముందూ నిలబెట్టి తిట్టారు. ఆ పేర్లు పెట్టినవాళ్ళను ఒక్క మాట అనలేదు. నాకిప్పటికీ మండుతుంది. మీరే చెప్పండి, ఆ క్లాసు పేరు 'బిల్‌డేట్‌ఫార్మాటర్' అయివుంటే రెండోది రాయడానికి ఎవరికైనా చెయ్యి వచ్చేదా?

చెప్పాల్సింది ఇంకా ఉంది, సమయం అయిపోతోంది. జావాలో 1998 నాటి 'కలెక్షన్స్' క్లాసు చూడండి. 'కలెక్షన్' అనే ఇంటర్‌ఫేస్‌కు, అంటే ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం లాంటిదానికి, సాయం చేసే స్టాటిక్ మెథడ్లు, అంటే క్లాసు పేరుతోనే నేరుగా వాడుకునేవి, అందులో ఉంటాయి, పేరు బహువచనం. 2011లో వచ్చిన 'ఆబ్జెక్ట్స్', 'పాత్స్' కూడా అంతే. దేనికి సాయమో పేరులోనే తెలుస్తుంది. 2014లో ఇంటర్‌ఫేస్‌లోనే స్టాటిక్ మెథడ్ పెట్టుకునే వీలొచ్చాక ఇలా విడిగా సాయం క్లాసు పెట్టే అవసరమే తగ్గింది. 2018 నుంచి 'పాత్స్' దాకా వెళ్ళక్కర్లేదు, నేరుగా 'పాత్' అనే ఇంటర్‌ఫేస్‌నే అడగవచ్చు.

మీ సహాయక క్లాసు తనలో ఏ విలువా దాచుకోకపోతే దాని కన్‌స్ట్రక్టర్‌ను, అంటే ఆ క్లాసు నుంచి కొత్త ఆబ్జెక్టు తయారుచేసే భాగాన్ని, బయటివాళ్ళు వాడలేకుండా ప్రైవేటు చేసి, ఎవరికి సాయమో వాళ్ళ పేరు పెట్టండి. విలువలు దాచుకుంటే అది యుటిలిటీ కానే కాదు. చేసే పని పేరు పెట్టండి: విడదీసి చదివేదైతే పార్సర్, సరిచూసేదైతే వాలిడేటర్, రూపం దిద్దేదైతే ఫార్మాటర్.

లెక్చరర్లు కూడా వచ్చారు, మీకు దండం పెట్టి అడుగుతున్నాను. ప్రాక్టికల్ పరీక్షలో అవుట్‌పుట్ వస్తే చాలని మార్కులు వేసేయకండి. క్లాసు పేరుకు రెండు మార్కులు విడిగా ఉంచండి. 'హెల్పర్' అని రాసిన పిల్లాణ్ణి దేనికి హెల్పరో అడగండి. చెప్పిన జవాబునే పేరుగా రాయించి, అప్పుడు ఆ రెండు మార్కులూ వెయ్యండి.