ముందు నేర్చుకునే సైగ: ఆపు

నమస్కారం. ఒక్కసారి నా చేయి చూడండి. పక్కకు చాచాను, అరచేయి నేల వైపు ఉంది. ఇప్పుడు అటూ ఇటూ ఊపుతున్నాను. క్రేన్ పనిచేసే చోట ఈ సైగకు ఒక్కటే అర్థం: ఆపు. పైకెత్తు, కిందికి దించు, పక్కకు తిప్పు అని చెప్పడానికి ఒక మనిషిని నియమిస్తారు. క్రేన్ నడిపేవాడు అతని సైగలే చూస్తాడు. కానీ 'ఆపు' అని ఎవరు చూపినా ఆపి తీరాలి. నిన్న పనిలో చేరిన కుర్రవాడు చూపినా సరే. అమెరికాలో ఇది భద్రతా నియమాల్లో రాసి ఉన్న మాట.

ఈ రోజు ఆ కుర్రవాడి గురించే చెబుతాను. ఉక్కు భవనాలు, వంతెనలు నిలబెట్టే కార్మికులను అక్కడ ఐరన్‌వర్కర్లు అంటారు. వాళ్ల సంఘం 1896లో పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. సంఘం ద్వారా ఆ పనిలోకి వచ్చేవాడు మూడు నాలుగేళ్లు అప్రెంటిస్‌గా ఉంటాడు. ఏడాదిలో సుమారు 2,000 గంటలు సైట్లో పని, దానికి తోడు తరగతి పాఠాలు. మొదటి రోజు నుంచే కూలి వస్తుంది. పని వచ్చినవాడి కూలిలో కొంత భాగంతో మొదలై మెట్టుమెట్టుగా పెరుగుతుంది. పేదింటి పిల్లవాడు అప్పు చేయకుండా పెద్ద పని నేర్చుకోగలగడం ఎంత గొప్ప విషయమో వేరే చెప్పాలా?

మొదట్లో నేల మీది పనే ఎక్కువ. బోల్టులు, నట్లు సంచుల్లో నింపి పైకి పంపాలి. గాలిలో వేలాడే దూలం గిరగిర తిరగకుండా దాని చివర కట్టిన తాడు పట్టుకుని అదుపు చేయాలి. ఎక్కడం నేర్పడానికి శిక్షణ కేంద్రంలోనే ఒక ఉక్కు చట్రం ఉంటుంది. తరగతిలో లెక్కలు కూడా తప్పవు.

ఒక లెక్క చూద్దాం. ఇద్దరు కలిసి నీళ్ల బకెట్టు మోస్తున్నారు. దగ్గరగా నడిస్తే సులువు. ఎడంగా జరిగితే చేతులు పీకేస్తాయి. బకెట్టు అదే, నీళ్లూ అవే. క్రేన్ కొక్కేనికి తగిలించిన రెండు స్లింగుల, అంటే బరువును వేలాడదీసే గట్టి తాళ్ల, సంగతీ ఇంతే. 1 టన్ను దూలాన్ని రెండూ నిటారుగా మోస్తే ఒక్కోదాని మీద అర టన్ను పడుతుంది. అవే స్లింగులు నేలకు 30 డిగ్రీల కోణంలోకి వాలితే ఒక్కోదాని మీద 1 టన్ను! సగానికి సగం పంచుకుంటాయని నమ్మి సన్నటి స్లింగు వేసినవాడు ఎంత బలవంతుడైనా, ఎంత ధైర్యవంతుడైనా దాన్ని తెగకుండా ఆపలేడు.

ఇక పైన జరిగే పని. దూలం వచ్చి ఆగింది. రెండు చివరలా ఇద్దరు మనుషులు. దూలం రంధ్రం, స్తంభం రంధ్రం ఎదురెదురుగా కుదిరాయో లేదో వేలు పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టారా, దూలం కాస్త కదిలితే చాలు, వేలు పోతుంది. అందుకే ఐరన్‌వర్కర్ నడుముకు ఒక ప్రత్యేకమైన పానా వేలాడుతుంది. ఒక కొస నట్టు బిగించడానికి, రెండో కొస సన్నగా మొనదేలి ఉంటుంది. మనవైపు ఈ పానాను పాడ్జర్ అంటారు. ఆ మొనను రంధ్రాల్లోకి దూర్చి, కొద్దిగా వంచి, రెండింటినీ ఒక గీతలోకి తెచ్చి, పక్క రంధ్రంలో బోల్టు వేస్తారు. తర్వాత ఇంకొకటి. మామూలు దూలానికి ప్రతి అతుకు దగ్గరా కనీసం రెండు బోల్టులు పడి, పానాతో బిగిసేదాకా కొక్కెం విప్పకూడదు. అమెరికాలో 2001లో తెచ్చిన ఉక్కు నిర్మాణ నియమాల్లో ఇది ఉంది. పని తొందరలో 'ఒకటి చాలులే' అనిపించే క్షణం వస్తుంది. అప్రెంటిస్ కాలమంతా చేతికి నేర్పేది ఆ క్షణాన్ని దాటడమే అని నా నమ్మకం.

ఈ పనివాళ్లలో కెనడాలోని కానవాకే అనే ఊరి మోహాక్‌లకు పెద్ద పేరుంది. మోహాక్‌లు అంటే ఉత్తర అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ. 1886లో తమ ఊరి పక్కనే సెయింట్ లారెన్స్ నది మీద వంతెన కట్టినప్పుడు వాళ్లు ఇందులోకి వచ్చారు. ఎత్తంటే వాళ్లకు పుట్టుకతోనే భయం లేదని లోకం కథలు అల్లింది. ఆ పని చేసిన మోహాక్‌లే అందరిలాగే తమకూ భయం ఉంటుందని చెప్పారు. నేను వాళ్ల మాటే నమ్ముతాను.

1907 ఆగస్టు 29. కెనడాలో క్యూబెక్ వంతెన నిర్మాణంలో ఉంది. కింది భాగంలో బరువు మోసే ఉక్కు కడ్డీలు వంగుతున్నాయని అప్పటికే కొలతల్లో తేలింది. న్యూయార్క్‌లో ఉన్న సలహా ఇంజనీరు థియోడోర్ కూపర్ ఇక బరువు పెంచవద్దని తంతి పంపాడు. అది వంతెన కడుతున్న పెన్సిల్వేనియాలోని కంపెనీకి వెళ్లింది. వంతెన మీద ఉన్నవాళ్లకు పని ఆపమన్న మాట అందలేదు. సాయంత్రం, పని ముగిసే వేళకు, వంతెన కూలింది. 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది కానవాకే వాళ్లు. ఒకే ఊరి నుంచి, ఒకే రోజున, 33 మంది.

మన శ్రీకాకుళం జిల్లా నుంచి ఎందరో కుర్రవాళ్లు రిగ్గర్లుగా (బరువులను క్రేన్‌కు కట్టేవాళ్లుగా), ఫిట్టర్లుగా, వెల్డర్లుగా దేశమంతటా, గల్ఫ్‌లోనూ పనిచేస్తున్నారు. ఈ వీడియో చూస్తున్నవారిలో మీరూ ఉంటే ఒక్క మాట రాయండి. ఆ 'ఆపు' సైగ మీకు ఎవరు నేర్పారు? మీరు చేయి చాచినప్పుడు క్రేన్ ఆగిందా?