కస్తూరి తర్వాత కళావతి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన తెలుగు శాఖ మేడమ్ గారికి, పొద్దుట్నుంచి ఈ మైకుతో కుస్తీ పడుతున్న అన్నకి, వెనక వరసలో తలుపు పక్కనే చోటు చూసుకుని కూర్చున్న ఇంజనీరింగ్ పిల్లలకి కూడా. మీరు ఎందుకక్కడ కూర్చున్నారో నాకు తెలుసు, మా కాలంలో ఆ సీటు నాదే.

ఇవాళ ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టిన రోజు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా కొట్లాడిన మనిషి. ఆయన ఫొటోకి దండ వేసి గ్రాంథికంలో ఉపన్యాసాలిస్తుంటాం, అది వేరే సంగతి. నాకిచ్చిన అంశం ‘కంప్యూటర్ యుగంలో తెలుగు వైభవం’. మేడమ్, ఏమీ అనుకోకండి, వైభవం గురించి నాకేమీ తెలీదు. నేను మాదాపూర్‌లో సర్వర్లు చూసుకునేవాణ్ణి, చాలావరకు నైట్ డ్యూటీ. నాకు తెలిసింది ఒకే ఒక్క లైను. దాని గురించే చెప్తాను.

లినక్స్, అంటే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, వాడేవాళ్లు ఎంతమంది ఇక్కడ? చేతులెత్తండి. పర్లేదు, అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నారు. డెబియన్, ఉబుంటు లాంటి సిస్టమ్‌లో ఈటీసీ ఫోల్డర్‌లోకి వెళ్తే లోకేల్ డాట్ జెన్ అని ఒక ఫైలు ఉంటుంది. తెరిస్తే వందల లైన్లు, లైనుకో భాష, ఒక దేశం. కిందికి జరుపుకుంటూ పోతే ‘టీఈ అండర్‌స్కోర్ ఐఎన్’ వస్తుంది. టీఈ అంటే తెలుగు, ఐఎన్ అంటే ఇండియా. 2014లో రాష్ట్రం రెండయింది గానీ ఈ లైను ఒకటిగానే ఉంది, దాన్ని పంచుకోవాలని ఎవరికీ తోచలేదు. ఇంకొంచెం కిందికి పోతే మన చార్మినార్ వైపు వాళ్లకి ఉర్దూ లైను కూడా ఉంది. మన తెలుగు లైను చివర యూటీఎఫ్-8 అని ఉంటుంది, అక్షరాలని కంప్యూటర్ దాచుకునే పద్ధతి పేరది. అంతా బాగానే ఉంది, కానీ లైను మొదట్లో ఒక # గుర్తు. ఆ గుర్తు ఉందంటే సిస్టమ్ ఆ లైనుని పట్టించుకోదు. తెలుగు ఉంది, లేదు. రెండూ నిజమే.

ఆ గుర్తు చెరిపేసి, సేవ్ చేసి, లోకేల్-జెన్ అనే కమాండ్ కొట్టండి. కొన్ని సెకన్లు పడుతుంది, అంతే. ఆ కాసేపట్లో అది చేసేదేమిటంటే, తెలుగువాళ్ల పద్ధతులన్నీ రాసిపెట్టిన ఒక మామూలు టెక్స్ట్ ఫైలుని చదివి, కంప్యూటర్‌కి త్వరగా అందే రూపంలోకి కంపైల్ చేసి దాచుకుంటుంది. దాన్నే లోకేల్ అంటాం. ఎవరిమో, ఎక్కడివాళ్లమో మెషీన్‌కి చెప్పే చీటీ అనుకోండి.

ఆ చీటీలో పన్నెండు విభాగాలున్నాయి, అన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. కాగితం కొలత ఉంటుంది, మనకి ఏ4. ఫోన్ కోడ్ 91. వారాల పేర్లు, నెలల పేర్లు. అంకెల్లో కామాలు ఎక్కడ పెట్టాలన్నది ‘3;2’ అని ఇంత చిన్న ముక్కలో ఉంటుంది: కుడి నుంచి మొదట మూడు అంకెలు, ఆ తర్వాత రెండేసి. 12,34,567 అని చూడగానే మనకి పన్నెండు లక్షలు అని తెలిసిపోతుంది. అదే అమెరికా పద్ధతిలో 1,234,567 అని చూపిస్తే మా అకౌంట్స్ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంటాడు.

ఇంకొక విభాగం ఉంది, అవును-కాదులది. ఇది నాకు చాలా ఇష్టం, ఒక్క నిమిషం ఇవ్వండి. కంప్యూటర్ ప్రశ్న అడిగితే ‘యస్’కి ఏ అక్షరం, ‘నో’కి ఏ అక్షరం నొక్కాలో అక్కడ రాయాలి. ఇంగ్లిష్ వాడికి వై, ఎన్, పని అయిపోయింది. మనకి? యస్ అంటే అవును, అ. సరే. నో అంటే ఏం రాస్తారు? చెప్పండి. కాదు? ‘ఈ ఫైలు డిలీట్ చేయనా’ అని అడిగితే ‘కాదు’ అంటామా? వద్దు అంటాం. ‘నెట్ ఉందా’ అంటే లేదు. ‘నీ పేరు ఇదేనా’ అంటే కాదు. ‘వస్తావా’ అంటే రాను. ఇన్ని ‘నో’లున్న భాషని ఒక్క అక్షరంలో ఇరికించమంటే ఎలా? దీని మీద గంటసేపు వాదించుకోవచ్చు. నేను, నా రూమ్మేట్ ఒకసారి అమీర్‌పేట మెస్‌లో నిజంగానే వాదించుకున్నాం, సాంబారు చల్లారిపోయింది.

సరే. అసలు సంగతికొస్తా. మా అమ్మ పేరు కళావతి.

పేరు ఎందుకు చెప్తున్నానంటే కథంతా ఆ పేరులోనే ఉంది. మా అమ్మ టీచరు, రిటైరయింది, ముప్ఫై ఏళ్లకి పైగా ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించింది. ఒక ఆఫీసులో, ఏ ఆఫీసో అడక్కండి, కొత్త కార్డులు వచ్చినవాళ్ల పేర్లు గోడకి అంటించారు. అమ్మ బస్సెక్కి వెళ్లింది. వేలుపెట్టి చూసుకుంటూ పోయింది. ‘క’ పేర్లు మొదలయ్యాయి. కల్పన ఉంది. తన పేరు ఎక్కడుండాలో తనకి తెలుసు కాబట్టి నేరుగా ‘కస్తూరి’ దగ్గరికి పోయి ఆ కింద చూసింది. లేదు. తర్వాత కాంతమ్మలు, కామేశ్వరులు మొదలైపోయారు. ఇంటికొచ్చి ‘నా పేరు తీసేశార్రా’ అంది. వారం తర్వాత మళ్లీ వెళ్లింది, మళ్లీ అదే. అక్కడ కౌంటర్లో అడిగితే ‘లిస్టులో చూసుకోండమ్మా’ అన్నారట, తలెత్తకుండానే.

మూడోసారి నేను వెంట వెళ్లాను. నాకు అక్షరమాల మీద అంత నమ్మకం లేదు కాబట్టి పైనుంచి ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చా. కల్పన కిందనే ఉంది. కల్పన, కళావతి, కవిత, కస్తూరి.

అమ్మ ఆ కాగితం వంక చూసి అడిగింది, ‘అక్షరమాల రానివాడికి జాబితా రాసే ఉద్యోగం ఎవరిచ్చార్రా?’

పిల్లలూ, మీలో ఎంతమందికి అక్షరాల వరస చివరిదాకా వచ్చు? య ర ల వ, ఆ తర్వాత? శ ష స హ, ళ, క్ష, ఱ. ‘ళ’ హ తర్వాత వస్తుంది. పెద్ద బాలశిక్ష పట్టుకున్న ఎవరికైనా అదే వరస. అందుకే మా అమ్మ లెక్కలో కస్తూరి తర్వాతే కళావతి. అది తప్పు కాదు, ముప్ఫై ఏళ్లు ఆ వరసలోనే హాజరు పిలిచింది.

మరి కంప్యూటర్ ఎందుకలా చేసింది? వరస చూడగానే నాకు తెలిసిపోయింది, అది కోడ్ నంబర్ల వరస. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది. మన దేశపు లిపులకి ఆ నంబర్లు పెట్టేటప్పుడు అంతకుముందే ఇక్కడ ఉన్న ఇస్కీ అనే ప్రమాణాన్ని అనుసరించారు. అందులో అన్ని లిపులకీ ఒకటే అమరిక. దేవనాగరి ‘క’ నంబరు చివర 15 ఉంటుంది, మన ‘క’ నంబరు చివరా 15 ఉంటుంది. ఒక లిపి నుంచి ఇంకో లిపికి మార్చడం తేలిక, తెలివైన పనే. కానీ ఆ అమరికలో ‘ల’ పక్కనే ‘ళ’, ‘ర’ పక్కనే ‘ఱ’ కూర్చున్నాయి. సున్నా అయితే మరీ ముందు, ‘అ’ కంటే కూడా ముందు. గుణింతంలో కౌ తర్వాత వచ్చే కం, కంప్యూటర్‌కి ‘కక’ కంటే ముందే వచ్చేస్తుంది. నంబరు అక్షరాన్ని గుర్తుపట్టడానికి పెట్టింది, హాజరు పిలవడానికి కాదు. యూనికోడ్ వాళ్లే ఈ మాట చెప్తారు, వరసకి వేరే లెక్క ఉంటుంది, కోడ్ నంబర్లని వరస అనుకోకండి అని.

లోకేల్ ఏదీ పెట్టకుండా సర్వర్‌ని వదిలేస్తే అది ‘సీ లోకేల్’ అనే డిఫాల్ట్ పద్ధతిలో పనిచేస్తుంది. అందులో సార్ట్, అంటే వరసలో పేర్చే కమాండ్, కొడితే నంబర్ల వరసే. ఇంగ్లిష్‌కీ అంతే, పెద్దబడి జెడ్ చిన్నబడి ఏ కంటే ముందొస్తుంది. అది ఇంగ్లిష్ వాళ్లకి నచ్చదు కాబట్టి వాళ్లు వాళ్ల లోకేల్ కంపైల్ చేసుకుంటారు. మనం చేసుకోం. ఆ ఆఫీసు సర్వర్ని నేను చూడలేదు, కానీ ఆ జాబితా తీసినవాడు నాలాంటివాడే అయుంటాడు, అర్ధరాత్రి డ్యూటీలో సార్ట్ అని కొట్టి టీ తాగడానికి పోయుంటాడు. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను.

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చున్నా. యూఎస్ఆర్, షేర్, ఐ18ఎన్, లోకేల్స్ ఫోల్డర్‌లో మన తెలుగు ఫైలుంది. దాన్ని నా ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నా. అందులో వరసకి ఒక విభాగం ఉంటుంది, కొలేట్ అని. చాలా భాషల్లో అక్కడ ఐఎస్ఓ 14651 అనే అంతర్జాతీయ ప్రమాణాన్ని కాపీ చేసుకో అని ఉంటుంది. దాని కింద మన మార్పులు మనం రాసుకోవచ్చు. ‘హ’ తర్వాత ‘ళ’ని పెట్టు అని రాశా. లోకేల్‌డెఫ్ అనే కమాండ్‌తో కంపైల్ చేశా. తిట్టింది. విభాగం చివర ఎండ్ అని రాయడం మర్చిపోయా. రాశా. మళ్లీ తిట్టింది, ఇంకేదో. రాత్రి ఒంటిగంటకి నోరు మూసుకుంది. దీనికి అడ్మిన్ వాడే రూట్ పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, మీ సొంత ఫోల్డర్‌లో పెట్టుకుని లోక్‌పాత్ అనే వేరియబుల్‌తో అక్కడ చూడమని చెప్తే చాలు.

నాలుగు పేర్లు ఇచ్చి సార్ట్ కొట్టా. కల్పన, కవిత, కస్తూరి, కళావతి.

ఎందుకో చాలాసేపు ఆ నాలుగు పేర్లే చూస్తూ కూర్చున్నా.

ఇక్కడొక మాట చెప్పకపోతే రేపు మీ మేనేజర్లు నన్ను తిడతారు. ఈ ఉత్సాహంలో వెళ్లి ఆఫీసు డేటాబేస్ సర్వర్లో లోకేల్ మార్చేయకండి. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు తమ ఇండెక్సులన్నీ, అంటే రికార్డులు త్వరగా వెతికే సూచికలన్నీ, పాత వరసలో పేర్చుకుని ఉంటాయి. వరస మారిందంటే ఉన్న రికార్డు కూడా లేనట్టే, మా అమ్మ పేరులాగే. 2018 ఆగస్టులో, లినక్స్‌లో ఈ లోకేళ్లని చూసుకునే లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు వరసలు మారిపోయి, ఇండెక్సులన్నీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది, అడ్మిన్లకి నిద్రల్లేవు. ఇంకోటి, మీ ల్యాప్‌టాప్‌లో తెలుగు పెట్టుకుని, దూరం నుంచే వేరే మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌లో సర్వర్లోకి వెళ్తే మీ సెట్టింగ్ కూడా మీ వెంట వస్తుంది, అక్కడ తెలుగు కంపైల్ అయి లేకపోతే పెర్ల్ అనే ఆవిడ, అదొక ప్రోగ్రామింగ్ భాష, తెరనిండా వార్నింగులు పెడుతుంది. టెన్షన్ పడకండి, ఏమీ పేలదు. తేదీలు చదివే స్క్రిప్టులుంటే మాత్రం వాటి మొదట్లో, లోకేల్ విభాగాలన్నిటినీ ఒకేసారి మార్చే ఎల్‌సీ-ఆల్‌కి సీ అని పెట్టండి, లేకపోతే ఇంగ్లిష్ ‘జాన్’ కోసం వెతికే స్క్రిప్టుకి ‘జనవరి’ కనిపించి బ్యాకప్ ఆగిపోతుంది. మా దగ్గర ఆగింది. ‘నీ తెలుగు తీసెయ్’ అన్నారు. తప్పు స్క్రిప్టుది, తిట్లు తెలుగుకి.

మేడమ్ వాచీ చూసుకుంటున్నారు, రెండు నిమిషాల్లో దిగిపోతా.

మర్నాడు పొద్దున్నే వంద పేర్లు కొత్త వరసలో ప్రింటు తీసి అమ్మకిచ్చా. మెచ్చుకుంటుందనుకున్నా. కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసుకుంది. కళావతి దగ్గర టిక్కు పెట్టింది. ఇంకా కిందికి పోయి ‘క్షమాదేవి’ దగ్గర ఆగి సున్నా చుట్టింది. ‘ఇదేంట్రా, క పేర్లలో ఉంది? క్ష చివర్న కదా రావాలి, ళ తర్వాత?’ నేనన్నా, ‘అమ్మా, క కింద ష వత్తు కదా, నిఘంటువులో అయితే క లోనే చూస్తాం.’ ‘నిఘంటువు పెద్దవాళ్లకి, బడి వరస ఇదీ’ అంది. అంతటితో వదల్లేదు, గంగమ్మ గౌరికి ముందుండాలా వెనకుండాలా అని మధ్యాహ్నం దాకా నడిచింది.

క్షమాదేవి సంగతి మా ఇంట్లో ఇంకా తేలలేదు. తెలుగు శాఖ వాళ్లు ఇంతమంది ఉన్నారు, మీరు చెప్పండి, క్ష ఎక్కడ పెట్టను? మీరు తేల్చి చెప్తే కంపైల్ చేయడానికి వెనక వరస పిల్లలున్నారు. తమ్ముడూ, తలుపు పక్కనున్న నువ్వే, ల్యాప్‌టాప్ తెచ్చావుగా. తియ్. ఆ ఫైలు తెరిచి, టీఈ దాకా కిందికి రా.