అశోక్‌నగర్ రూమ్ ఖాళీ చేయాలా, వద్దా?

హోస్ట్: నమస్తే అండీ. ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాయిస్ మెసేజ్. పంపినతను వరంగల్ వైపు అబ్బాయి, బీటెక్, వయసు 31. హైదరాబాద్‌లో సర్కారు ఉద్యోగాలకి ప్రిపేరయ్యేవాళ్లుండే అశోక్‌నగర్‌లో రూమ్, పొద్దున లేస్తే చిక్కడపల్లి లైబ్రరీ. "అన్నా, గ్రూప్స్ ఇంకోసారి రాయాలా, ఇక్కడితో ఆపాలా?" అని అడిగాడు. నాకేం తెలుసు! అందుకే కెరీర్ కౌన్సెలింగ్ చేసే మేడంని పిలిచాను. నమస్తే మేడం, ఇలాంటివాళ్లు మీ దగ్గరికి వస్తుంటారా?

కౌన్సెలర్: నమస్తే. చాలామంది వస్తారండీ. వచ్చీ రాగానే "ఏ కోర్సు చేయమంటారు?" అంటారు. నేను చెప్పను.

హోస్ట్: చెప్పకపోతే మరి ఫీజు ఎందుకు మేడం?

కౌన్సెలర్: (నవ్వు) వాళ్ల నాన్నగార్లూ అదే అడుగుతారు. కోర్సు సంగతి తర్వాత. ముందు గడిచిపోయిన ఏళ్లలో ఏం చేశాడో చెప్పిస్తాను. లైబ్రరీలో పక్కవాళ్లు ఏ సబ్జెక్టులో డౌటొస్తే నీ దగ్గరికొచ్చేవాళ్లు? నీ నోట్సు ఎవరైనా జిరాక్స్ తీయించుకున్నారా? ఏ పుస్తకం తీస్తే నిద్రొచ్చేది?

హోస్ట్: నిద్ర కూడా లెక్కలోకి వస్తుందా!

కౌన్సెలర్: ఎందుకు రాదు? ఒకబ్బాయి ఎకానమీ నోట్సు హాస్టల్ మొత్తం చదివేదట. బడ్జెట్, సామాజిక ఆర్థిక సర్వే, అంత లావు పుస్తకాలని నాలుగు పేజీల్లోకి తెచ్చేవాడు. అడిగి అడిగి చెప్పించాల్సి వచ్చింది. తన దృష్టిలో అదేం పనే కాదు, "ప్రిపరేషనే కదా మేడం" అంటాడు. ఎన్జీవోల్లో, అంటే స్వచ్ఛంద సంస్థల్లో, రీసెర్చ్ సంస్థల్లో, ఆన్‌లైన్ కోచింగ్ కంటెంట్‌లో ఆ పనికే జీతమిస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు.

హోస్ట్: కానీ మేడం, మన పిల్లల తప్పేముంది? 2022లో తెలంగాణలో 503 పోస్టులకి గ్రూప్-1 వేశారు. ప్రిలిమ్స్ అయ్యాక పేపర్ లీకని 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు, అదీ హైకోర్టులో కొట్టేశారు. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. వయసేమో ఆగదు కదా.

కౌన్సెలర్: అందుకే, రాలేదు కాబట్టి నువ్వు పనికిరావు అని నేను ఎవరితోనూ అనను. కానీ 2024లో వయోపరిమితి 46కి పెంచారు చూశారా, అలాంటిదంటే నాకు భయం. 46 దాకా రాయొచ్చు అంటే, 46 దాకా వేరే పని చూసుకోనక్కర్లేదు అనుకునేవాళ్లున్నారు. పరీక్ష రాయండి, వద్దనను. నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవద్దంటాను.

హోస్ట్: మరి ఆ టెస్టుల సంగతేంటి? నీ పర్సనాలిటీ ఇది, నువ్వు ఈ ఉద్యోగానికే పుట్టావు అని రిపోర్టులిస్తారే?

కౌన్సెలర్: జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు మనుషుల ఆసక్తులని ఆరు రకాలుగా విడదీశాడు. చాలా టెస్టులకి ఆధారం అదే. నేనూ వాడతాను, మాట మొదలుపెట్టడానికి. ఆ రిపోర్టు చూసి ఉద్యోగం మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను. అసలు ఈ వృత్తికి ఆద్యుడని చెప్పే ఫ్రాంక్ పార్సన్స్ సంగతి తెలుసా? 1908లో బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో పెట్టినాయన. అంతకుముందు ఇంజినీరు, బడి టీచరు, లాయరు!

హోస్ట్: మనవాళ్లయితే "కుదురు లేదు" అనేవాళ్లు! సరే, రెజ్యూమేలో ఆ గ్యాప్ ఎలా చూపించాలి?

కౌన్సెలర్: ఉన్నదున్నట్టు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ పరీక్ష, ఏ దశ దాకా వెళ్లాడు. దాని కింద చేసిన పనులు. లేని కంపెనీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కోవద్దు, వెరిఫికేషన్‌లో దొరికితే వచ్చిన ఉద్యోగమూ పోతుంది.

హోస్ట్: మీలాంటివాళ్ల దగ్గరికి రావడానికి డబ్బుల్లేకపోతే?

కౌన్సెలర్: కేంద్ర కార్మిక శాఖది నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది, 2015 నుంచి. రిజిస్ట్రేషన్ ఉచితం, కౌన్సెలర్ల వివరాలు కూడా అందులో ఉంటాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, "ఉద్యోగం గ్యారంటీ, ముందు డబ్బు కట్టండి" అన్నవాడు కౌన్సెలర్ కాదు, ఏజెంటు.

హోస్ట్: మన వరంగల్ తమ్ముడు ఈ వారం ఏం చేయాలి?

కౌన్సెలర్: తనకి నచ్చిన పని ఇప్పటికే చేస్తున్నవాళ్లు ముగ్గురిని వెతకమనండి. ఉద్యోగం అడగొద్దు. "మీ రోజు ఎలా గడుస్తుంది, ఇందులో విసుగు పుట్టించేది ఏది?" అని అరగంట మాట్లాడితే చాలు. విన్నాక కూడా ఆ పని చేయాలనిపిస్తే అప్పుడు కోర్సు గురించి ఆలోచిద్దాం.

హోస్ట్: ఒకరు తయారుగా ఉన్నారు మేడం. తమ్ముడి పాత రూమ్మేట్ ఇప్పుడు ఒక ఎన్జీవోలో చేస్తున్నాడట. కానీ ఏడాదిగా మన తమ్ముడు అతని ఫోన్ ఎత్తట్లేదు, ఏం చేస్తున్నావని అడుగుతాడని.

కౌన్సెలర్: అయితే మొదటి ఫోను అతనికే చేయమనండి.