బేతాళ కథలు 25 అని ఎవరన్నారు?

నెల్లూరులో పుస్తకాల ఎగ్జిబిషన్ పెడితే చాలు, పాత చందమామల కట్ట దగ్గర నిలబడి ఎవరో ఒకరు అనేస్తారు: "ఏముందబ్బా ఇందులో? సంస్కృతంలో ఉండే బేతాళ కథల్నే తెలుగులో వేశారు, అంతే." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. ఈరోజు దీని సంగతి తేల్చేద్దాం.

లెక్క చూడండి. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళుడి కథలు 25. చందమామలో నెలకొకటి. ఆ లెక్కన రెండేళ్ళు దాటగానే సరుకు అయిపోవాల. మరి అమ్మమ్మ చదివింది, అమ్మ చదివింది, మనమూ చదివాం. ఆ వందల కథలు ఎక్కడివి?

[తెర మీద: పాత సంచికలో బేతాళ కథ చివరి పేజీ]

ఇదిగో, జూమ్ చేస్తున్నా. విక్రమార్క రాజు జవాబు చెప్పడంతో మౌనభంగం అయింది, బేతాళుడు శవంతో సహా మాయమై చెట్టెక్కాడు. ఆ వాక్యం పక్కన బ్రాకెట్లో చూడండి: (కల్పితం). చిన్నప్పుడు దీని మీద మన చూపు నిలవదు, బేతాళుడు చెట్టెక్కగానే మనం పేజీ తిప్పేస్తాం. వాళ్ళు మాత్రం దాచలేదు. ఇది మేం అల్లిన కథ అని అచ్చేసి మరీ చెప్పారు.

ఇప్పుడు అసలు కథల్లోంచి ఒకటి తీసుకుందాం, నాకు ప్రాణమైనది. మందారవతి అనే అమ్మాయి కోసం ముగ్గురు కుర్రాళ్ళు వస్తారు. పెళ్ళి కాకముందే ఆ పిల్ల జ్వరంతో చనిపోతుంది. ఒకడు శ్మశానంలోనే గుడిసె వేసుకుని ఆమె బూడిద మీద పడుకుంటాడు. ఇంకొకడు ఎముకలు గంగలో కలపడానికి పోతాడు. మూడోవాడు దేశాలు తిరిగి, చచ్చినవాళ్ళను బతికించే మంత్రం సంపాదించుకొస్తాడు. పిల్ల లేచి కూర్చుంటుంది. ఎవరికి భార్య?

ఎండాకాలం రాత్రి డాబా మీద పిల్లల ముందు ఈ ప్రశ్న వేసి చూడండి. "బతికిచ్చినోడికే ఇయ్యాల" అంటాడు ఒకడు. "ఏందిరా, ఎముకలు మోసుకుపోయినోడు కష్టపడలా?" అంటుంది వాడి అక్క. అన్నాలు చల్లారిపోయినా ఆ గొడవ తెగదు.

రాజు ఏం చెప్పాడు? ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం. ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకు చేసే పని చేశాడు. బూడిదను కౌగిలించుకుని పడుకున్నవాడే భర్త. పిల్లల్లో సగం మందికి ఈ తీర్పు నచ్చదు. నచ్చకపోవడమే కావాల్సింది! మన ఇళ్ళల్లో పిల్లల్ని పిలిచి "నువ్వేమంటావు?" అని అడిగే పెద్దాళ్ళు ఎంతమంది? బేతాళుడు అడిగాడు. జవాబు వచ్చేలోపు మన బుర్రలో మన జవాబు తయారయ్యేది. ఆ కథలు ఇన్నేళ్ళు మనసులో ఉండిపోవడానికి కారణం అదేనని నా గట్టి నమ్మకం.

మరి చందమామ వాళ్ళు కొత్తగా ఏం చేశారు? పాత కథల్లో ఎక్కువగా "ఎవరు గొప్ప, ఎవరికి హక్కు" అని అడుగుతాడు. కల్పిత కథల్లో తరచుగా "వాడు అట్లా ఎందుకు చేశాడు" అని అడుగుతాడు. మందారవతి కథనే ఆ పద్ధతిలో నేను మార్చి చెప్తా. బతికించినవాడు ఆమెను చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడనుకోండి. రాజా, వాడు ఎందుకు వెళ్ళాడు? భయమా, అహంకారమా? ఇక్కడ హక్కుల లెక్క పనికిరాదు, వాడి మనసులోకి దిగాల. మంత్రం వేటలో పడి వాడు ఆ పిల్లను ఎప్పుడో మర్చిపోయాడు. బూడిద పక్కన పడుకున్నవాణ్ణి చూసిన క్షణంలో ఆ సంగతి వాడికే తెలిసింది. పదేళ్ళ పిల్లాడి చేత ఇంత ఆలోచన చేయించడం మామూలు పని కాదు.

టైమ్ అయిపోతా ఉండాది, గబగబా చెప్తా. చందమామను నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ రాతల వెనక ఉన్నది కొడవటిగంటి కుటుంబరావు. ఊళ్ళ నుంచి పాఠకులు పంపిన కథలు కూడా ఆ ఆఫీసులో బేతాళ కథలుగా మారేవి. ఎవరు పంపినా భాష ఒకే తీరుగా, తేటగా ఉండడానికి కారణం ఆయన చెయ్యి. పుస్తకం మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు, నాకు అది ఇప్పటికీ బాధే. ఇక కత్తి దూసి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌ది. 2020లో పోయారు. ఆయన మీద ఒక వీడియో తప్పకుండా చేస్తా.

చివరగా, సోమదేవుడి 24వ ప్రశ్న. ఆఖరి ప్రశ్న ఇదే, 25వది ముగింపు కథ. అడవిలో ఒక తండ్రి, కొడుకు ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలామె తండ్రికి, చిన్న పాదాలామె కొడుక్కి అని ముందే మాట అనుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీకూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి! మాట ప్రకారమే పెళ్ళిళ్ళు అయ్యాయి, రెండు జంటలకూ పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? రాజు నోరు మెదపలేకపోయాడు. వరసలు కలపడంలో మనల్ని మించినోళ్ళు లేరు కదా, ఈ రాత్రి ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడగండి.