ముసురులో క్లబ్ నడక: వెళ్లొచ్చా? నా రివ్యూ

నమస్తే అండీ. ఒక వాకింగ్ క్లబ్ వాళ్లు ఆకులు రాలే కాలంలో పెట్టిన పల్లెదారి నడకకి వెళ్లాను. ఈ వీడియో దాని గురించే. పొలాల గట్లు, చెట్ల మధ్య కాలిబాట, మధ్యలో ఓ గుట్ట. మొత్తం 12 కిలోమీటర్లు, పైకి ఎక్కేది అంతా కలిపి 300 మీటర్లు. పొద్దుటి నుంచీ ముసురు వదల్లేదు. అయినా నాకు చాలా నచ్చింది. దారి బాగుంది, కానీ అంతకంటే ఆ నడకను నడిపించిన తీరు బాగుంది.

గుంపులో మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు పోయేవాళ్లు ఓ చోట ఆగి నీళ్లు తాగుతారు, కబుర్లు చెప్పుకుంటారు. వెనకబడ్డ మనిషి ఆయాసపడుతూ వచ్చేసరికి "ఇంక పదండి" అంటారు. అసలు ఎవరికి విశ్రాంతి కావాలో వాళ్లకే అది దొరకదు. ఇక్కడ లీడర్‌గా ఉన్నావిడ అలా చేయలేదు. చివరగా వచ్చిన పెద్దాయన బ్యాగు దించి, నీళ్లు తాగి, తడిసి బిగుసుకుపోయిన షూ లేసు విప్పి మళ్లీ కట్టుకునేదాకా ఆగారు. అప్పుడు "వెళ్దామా అండీ?" అని ఆయన్నే అడిగారు. అందరికంటే వెనక నడవడానికి ఇంకొకర్ని పెట్టారు కాబట్టి ఎవరూ తప్పిపోతారన్న టెన్షన్ లేదు.

అయితే వానలో ఎక్కువసేపు ఆగినా ప్రమాదమే. నడిచేటప్పుడు పుట్టిన వేడి ఆగగానే తగ్గిపోతుంది, తడిబట్టలు, గాలి కలిసి ఒంట్లో ఉన్న వేడిని కూడా లాగేస్తాయి. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే అది వైద్యం అవసరమైన స్థితి. ఆగకుండా వణకడం, మాట ముద్దగా రావడం, కాళ్లు తడబడటం దాని గుర్తులు. అందుకే ఆవిడ ఆగిన ప్రతిసారీ ముందు "స్వెట్టర్లు వేసుకోండి" అనేవారు.

టైమ్ లెక్క కూడా బాగా వేశారు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన పద్ధతి ఒకటుంది. ఇప్పుడు దాన్ని 5 కిలోమీటర్లకు ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట అని వాడుతున్నారు. ఆ లెక్కన ఈ దారికి మూడు గంటలు కూడా పట్టకూడదు. కానీ అందులో బురద లేదు, ఆగడం లేదు. వీళ్లు ఐదు గంటలు పెట్టుకున్నారు, దాదాపు అంతే పట్టింది. ఈ కాలంలో పొద్దు తొందరగా వాలిపోతుంది, చెట్ల కింద ఇంకా ముందే మసకబారుతుంది. కాబట్టి ఆ లెక్క చాలా ముఖ్యం.

రాలిన ఆకులు చూడ్డానికి ఎంత అందంగా ఉంటాయో, కాలి కింద అంత జారతాయి. అడుగున వేరుందో గుంటుందో కనపడదు. కంచె దాటడానికి వేసిన చెక్క మెట్టు మీద నానిన ఆకులు అతుక్కుపోయి, పైన నాచు పట్టి ఉంది. అక్కడ అందరం వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు చేతులతో పట్టుకుని దిగాం.

బట్టల విషయానికొస్తే, జీన్స్, కాటన్ వద్దు. నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, ఒకపట్టాన ఆరవు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. రెయిన్ జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి ఇంకిపోతున్నాయంటే పైపూత అరిగిపోయినట్టు. అప్పుడు లోపలి చెమట కూడా బయటికి సరిగ్గా పోదు. ఇంకో సాక్స్ జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకోండి. మ్యాప్ కోసం ఫోన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, తడివేళ్లకి స్క్రీన్ సరిగ్గా పనిచేయదు.

నచ్చనిది ఒకటే. క్లబ్ వాళ్లు పంపిన మెసేజ్‌లో దూరం, "తేలికైన నడక" అన్న మాట మాత్రమే రాశారు. బురద సంగతి లేదు, భోజనానికి ఆగేచోట తల దాచుకోవడానికి ఏమీ ఉండదన్న సంగతీ లేదు. మామూలు స్పోర్ట్స్ షూస్‌తో వచ్చిన ఒకమ్మాయి దారంతా చాలా ఇబ్బంది పడింది. దూరం ఎంతో రాసినవాళ్లు నేల ఎలా ఉంటుందో కూడా రాయాలి. మీరు కొత్తగా ఏదైనా క్లబ్‌తో వెళ్తుంటే, ముందురోజే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: దారిలో బురద ఎంత, వెనక ఎవరు నడుస్తారు?