సీడీ4 అని రాసుంటే సరిపోదు, క్లోన్ పేరు చూడండి

[తెరపై: టీ కణం, దాని పొర మీద ప్రోటీన్లు]

నమస్తే అండి. ఇక్కడ చెన్నైలో, గిండి, తరమణి వైపు ల్యాబుల్లో కొత్తగా ఫ్లో సైటోమెట్రీ (కణాలకు మెరిసే రంగున్న యాంటీబాడీలు తగిలించి, లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి లెక్కపెట్టే పద్ధతి) మొదలుపెట్టిన మన తెలుగు పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కా, సీడీ4 యాంటీబాడీ ఏది కొనాలి?" సీడీ4 అంటే కొన్ని టీ కణాల మీద ఉండే ప్రోటీన్, యాంటీబాడీ అంటే దాన్ని వెతికి పట్టుకునే ప్రోటీన్. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఏ క్లోనో, అంటే ఒకే కణం సంతతి నుంచి వచ్చిన ఏ రకం యాంటీబాడీయో చూడండి.

టీ కణం, బీ కణం రెండూ రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలే, మైక్రోస్కోపులో ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా పైపొర మీద ఉన్న ప్రోటీన్లలోనే. ఒక్కో ప్రోటీన్‌కు ఒక్కో ల్యాబు ఒక్కో పేరు పెట్టుకుంటూ పోతుంటే గందరగోళమైపోయి, 1982లో పారిస్‌లో కూర్చుని సీడీ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. సీడీ3 ఉంటే టీ కణం, సీడీ19 ఉంటే బీ కణం.

మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది కూడా ఈ ఊళ్లోనే, 1986లో, డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పని వల్ల. ఆ వైరస్ కణంలోకి దూరేది ఈ సీడీ4ని పట్టుకునే. అందుకే రోగికి సీడీ4 కౌంట్ మైక్రోలీటరుకు 200 కంటే తగ్గిందంటే డాక్టర్లకు టెన్షన్.

[తెరపై: ఒకే ప్రోటీన్, రెండు చోట్ల అతుక్కున్న రెండు యాంటీబాడీలు]

ఇప్పుడు అసలు విషయం. యాంటీబాడీ ప్రోటీన్ మొత్తాన్ని పట్టుకోదు, అందులో ఒక చిన్న భాగాన్నే పట్టుకుంటుంది, ఆ భాగం ఏదన్నది క్లోన్‌ని బట్టి మారుతుంది. ఓకేటీ4 అనే క్లోన్‌నే తీసుకోండి. కొంతమందిలో పుట్టుకతోనే సీడీ4లో సరిగ్గా ఆ భాగం కాస్త వేరుగా ఉంటుంది. వాళ్ల రక్తానికి ఈ క్లోన్ వేస్తే సీడీ4 కణాలే లేవన్నట్టు గ్రాఫ్ వస్తుంది, అదే రక్తానికి వేరే క్లోన్ వేస్తే కణాలన్నీ చక్కగా కనిపిస్తాయి! మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు, మనం ఎంచుకున్న క్లోనే తప్పు. ఇది తెలియకుండా రిపోర్టు రాస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇంకోటి, మోనోసైట్లనే వేరే రకం తెల్ల రక్తకణాల మీద కూడా సీడీ4 కొద్దిగా ఉంటుంది, కాబట్టి సీడీ3 కూడా కలపకుండా టీ కణాలు లెక్కపెట్టొద్దు. పైగా ఆ మోనోసైట్లు యాంటీబాడీని తోక వైపు నుంచి, అంటే ఎఫ్‌సీ భాగం దగ్గర పట్టేసుకుని దొంగ సిగ్నల్ ఇస్తాయి. ముందే ఎఫ్‌సీ బ్లాక్, అంటే ఆ పట్టును అడ్డుకునే ద్రావణం, వేయండి.

యాంటీబాడీ మోతాదు మీ శాంపిల్ మీదే తేల్చుకోండి: సగం, దానిలో సగం, అలా తగ్గిస్తూ పోయి, పాజిటివ్, నెగటివ్ గుంపులు (ఆ ప్రోటీన్ ఉన్న కణాలు, లేని కణాలు) బాగా విడిపోయిన చోట ఆగండి. ఎక్కువ పోస్తే మెరుగవదు, నెగటివ్ కణాలు కూడా వెలగడం మొదలవుతుంది.

పీఈ (ఫైకోఎరిత్రిన్) అనే మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీని మాత్రం పొరపాటున కూడా ఫ్రీజర్‌లో పెట్టకండి, పాడైపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.