శాంప్లర్ ట్రే ముందు కూర్చున్నాక: క్రాఫ్ట్ బీరు రుచి చూసి మార్కులు వేయడం ఎలా?

[దృశ్యం: విశాఖలో ఓ మైక్రోబ్రూవరీ, అంటే బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోటు. చెక్క ట్రే మీద ఐదు చిన్న గ్లాసులు. గ్లాసుల బయట చెమట పట్టి నీళ్లు కారుతున్నాయి. పక్కనే పొగలు కక్కుతున్న అపోలో ఫిష్. కిటికీలోంచి బీచ్ రోడ్డు.]

ఈ బల్ల మీద బీరుకు అన్యాయం చేసేవి రెండున్నాయి. ఒకటి, గ్లాసు చుట్టూ పట్టిన ఈ చెమట. లోపల బీరు ఎంత చల్లగా ఉందో అదే చెబుతోంది. రెండోది, ఆ అపోలో ఫిష్. ఇంకా ఒక్క గుక్క దిగలేదు, మార్కులు అప్పుడే తారుమారైపోయాయి.

విశాఖ ఉక్కపోతలో చిల్డ్ బీరు అడగడం తప్పేం కాదు. దాహానికి తాగేటప్పుడు నిక్షేపంగా అలాగే తాగండి. నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టుకుని ఏది బాగా కాచారో తేల్చాలంటే మాత్రం పద్ధతి మార్చాలి.

[దృశ్యం: స్టీలు గిన్నెలో సోంపు. క్లోజప్.]

ముందు చిన్న పరీక్ష. బిల్లుతో వచ్చే సోంపును ఈసారి ముందే తెప్పించుకోండి. ముక్కు గట్టిగా మూసుకుని చిటికెడు నమలండి. ఏదో కాస్త తియ్యగా ఉంది, అంతే. నమిలేది సోంపో ఇంకోటో చెప్పలేరు. ఇప్పుడు ముక్కు వదలండి. వదిలీ వదలగానే సోంపు ఘుమ్మంటుంది. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల కూరలో ఉండే కమ్మదనం), ఈ ఐదే. బీరులో అరటిపండు, కాఫీ, నారింజ అంటూ మనం చెప్పేవన్నీ ముక్కు చెప్పే సంగతులే. (పరీక్ష అయ్యాక నోరు పుక్కిలించి పది నిమిషాలు ఆగండి. లేదంటే ఐదు గ్లాసుల్లోనూ సోంపే.)

వాసన గాల్లోకి లేస్తేనే ముక్కుకు అందుతుంది. 2, 3 డిగ్రీల దగ్గర అది లేవదు, నాలుక కూడా మొద్దుబారుతుంది. మనకు బాగా అలవాటైన లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు చాలు. గోధుమ బీర్లకు 5 నుంచి 8. చేదు ఎక్కువగా ఉండే ఐపీఏకి 7 నుంచి 10. నల్లటి స్టౌట్‌కు 10 నుంచి 13. థర్మామీటరు అక్కర్లేదు. గ్లాసును అరచేతుల మధ్య పెట్టుకుని మూడు నాలుగు నిమిషాలు కూర్చోండి, మన ఊరి వేడి మిగతా పని చేసేస్తుంది.

ఐసు పట్టిన మగ్గులో ఇస్తామంటే వద్దనండి. ఆ ఐసు కరిగి బీరులో కలుస్తుంది, నురగ అదుపు తప్పుతుంది. పైగా వంటింటి ఫ్రీజర్‌లో ఆ మగ్గు పక్కన రొయ్యలున్నాయేమో ఎవరికెరుక!

[దృశ్యం: ట్యాప్‌ల వెనక గోడ మీద బోర్డు. బీరు పేరు, ఏబీవీ, ఐబీయూ.]

బోర్డు మీద రెండు అంకెలు చూడండి. ఏబీవీ అంటే ఆల్కహాల్ శాతం. ఐబీయూ అంటే హాప్స్ (బీరులో వేసే చేదు పూలు) నుంచి వచ్చిన చేదుకు కొలత. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరు 8 నుంచి 15 ఐబీయూ, బెల్జియన్ విట్ (ఇదీ గోధుమ బీరే) 8 నుంచి 20, జర్మన్ పిల్స్ (ఒక రకం లాగర్) 22 నుంచి 40, ఐరిష్ స్టౌట్ 25 నుంచి 45, అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70. తాగే వరుస కూడా దాదాపు ఇదే.

నల్లగా ఉంది కదా అని స్టౌట్‌ను అందరూ చివర పెడతారు. రంగును చూసి భయపడక్కర్లేదు. ఐరిష్ స్టౌట్‌లో ఆల్కహాల్ సాధారణంగా 4, 5 శాతం మధ్యే. ఆ నలుపు మాడేదాకా వేయించిన బార్లీది. అసలు చేదు ఐపీఏది. అది నాలుక మీద కూర్చుంటే తర్వాత వచ్చే విట్ బీరు నీళ్లలా అనిపిస్తుంది. అందుకే ఐపీఏను ఆఖరున పెట్టండి. బోర్డు మీద స్టౌట్ 7, 8 శాతం అని ఉంటే మాత్రం వరుస తిప్పేయండి.

గ్లాసుకు 100 నుంచి 120 మి.లీ. చాలు. నాలుగు రకాలైతే హాయిగా తేలతాయి, ఐదు వరకు ఫర్వాలేదు. ఆరు దాటాక వేసే మార్కులను మేము లెక్కలోకి తీసుకోం. మధ్యమధ్యలో మామూలు మంచినీళ్లు తాగండి, సోడా వద్దు. నోరు శుభ్రం చేసుకోవడానికి ఉత్త బ్రెడ్డు ముక్క సరిపోతుంది. ఇంకా మంచిది మురీలు (మరమరాలు): ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి మీద కుప్ప పోసి ఉంటాయే, అవే, ఉల్లిపాయ కారం తగలకముందు.

కారం ఎందుకు వద్దంటే, నోరు మండుతున్నప్పుడు సన్నని రుచులు సరిగ్గా తెలియవు. మంచి ఐపీఏకి కూడా సరైన మార్కులు పడవు. ఇక వేపుడు నూనె పెదవులకు అంటుకుని నురగను చంపేస్తుంది. స్టఫ్ అంతా మార్కులు వేశాకే. సిగరెట్, పాన్, ఘాటైన సెంటు కూడా అంతే.

[దృశ్యం: గ్లాసు పక్క నుంచి క్లోజప్. లోపలి గోడకు బుడగలు అంటుకుని ఉన్నాయి.]

గ్లాసు రాగానే ముందు గోడలు చూడండి. లోపలి వైపు బుడగలు అతుక్కుని ఉన్నాయంటే అక్కడ జిడ్డో, సబ్బు మిగులో ఉందన్నమాట. ఇంకో గ్లాసు అడగండి, మొహమాటం వద్దు. శుభ్రమైన గ్లాసులో బుడగలు అడుగు నుంచి పైకి వెళతాయి. తాగిన కొద్దీ గుక్కగుక్కకూ ఓ నురగ గీత గోడ మీద ఉండిపోతుంది.

నురగ రెండు వేళ్ల మందం ఉండాలి. ‘నురగ తగ్గించి నిండా పొయ్యి బాబూ’ అనడం మన అలవాటు. వాసనను మోసుకొచ్చేది ఆ నురగే, దాన్ని పోగొట్టుకోవద్దు. రంగు చూడాలంటే ట్యాప్‌రూమ్ పసుపు లైట్లను నమ్మకండి. గ్లాసు వెనక తెల్ల టిష్యూ పెట్టి ఫోన్ టార్చి వేయండి. మసకగా ఉంటే పాడైందనుకోవద్దు. హెఫెవైజెన్ మసకగానే ఉండాలి. పిల్స్ మసకగా ఉంటే మాత్రం వడకట్టలేదా అని అడగొచ్చు.

[దృశ్యం: గ్లాసును గుండ్రంగా తిప్పుతున్న చెయ్యి. ముక్కు దగ్గరికి.]

ఇక అసలు పని. గ్లాసు రాగానే ఒకసారి వాసన చూడండి, కొన్ని వాసనలు నిమిషంలో ఎగిరిపోతాయి. తర్వాత గ్లాసును మెల్లగా తిప్పి, చిన్నగా మూడుసార్లు పీల్చండి. దీర్ఘంగా పీలిస్తే ముక్కు అలిసిపోతుంది. అలిసిందనిపిస్తే మీ ముంజేతిని వాసన చూసి మళ్లీ రండి.

ఇక్కడ ఇంగ్లిష్ మాటల కోసం వెతుక్కోకండి. మన వంటింట్లో ఉన్నవి చాలు. హెఫెవైజెన్‌లో వచ్చేది బాగా మగ్గిన చక్కరకేళి, వెనకాలే లవంగం. రెండూ ఈస్ట్ (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) పుట్టించినవే, ఎవరూ పండు కలపలేదు. బెల్జియన్ విట్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. చారులో ధనియాల వాసన పట్టే ముక్కుకు ఇది కష్టమేం కాదు. ఐపీఏలో బత్తాయి తొక్క, మామిడి జీడి, పచ్చగడ్డి లాంటివి హాప్స్ వాసనలు. స్టౌట్‌లో అరకు కాఫీ గింజలు వేయించేటప్పటి పొగ, ముదురు బెల్లం పాకం. ‘సూపర్’ అని రాస్తే వారం తర్వాత మీకే ఏమీ గుర్తుకు రాదు. ‘చక్కరకేళి బాగా, లవంగం కొంచెం’ అని రాస్తే ఆ గ్లాసు మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది.

తర్వాత గుక్క. నోటినిండా తీసుకుని నాలుకంతా తగలనిచ్చి మింగండి, మింగాక ముక్కుతో గాలి వదలండి. వైన్ జడ్జిల్లా ఉమ్మేస్తే బీరు పూర్తిగా తెలియదు, చేదు గొంతు దగ్గర ఆఖరున వస్తుంది. ఆ చేదు హాయిగా తగ్గిపోయిందా, గీరుకుపోయిందా అన్నది చూడండి.

[దృశ్యం: గాజు గోడ వెనక స్టీలు ట్యాంకులు. ట్యాప్ మూతి క్లోజప్.]

ఇప్పుడు తప్పులు. అన్నింటికన్నా ఎక్కువగా దొరికేది కాచిన వెన్న, బటర్‌స్కాచ్ వాసన. దీన్ని డయాసిటైల్ అంటారు. పులిసేటప్పుడు ఈస్టే దీన్ని పుట్టిస్తుంది, ఆఖర్లో ఈస్టే మింగేస్తుంది. ఆ పని పూర్తికాకముందే ట్యాంకును చల్లబరిస్తే వెన్న వాసన బీరులోనే ఉండిపోతుంది. అందుకే లాగర్ చేసేవాళ్లు చివర్లో కొన్ని డిగ్రీలు పెంచి రెండు మూడు రోజులు ఆగుతారు. రెండో కారణం ట్యాప్ గొట్టాల్లో చేరిన బ్యాక్టీరియా. ఏది కారణమో కనిపెట్టడానికి ఒక దారి ఉంది. అదే బీరు ఇంకో ట్యాప్‌లో ఉంటే అక్కడి నుంచి కాస్త పట్టించండి. వెన్న పోయిందంటే తప్పు గొట్టానిది. రెండింట్లోనూ ఉంటే ట్యాంకుది. చల్లగా ఉన్నప్పుడు ఈ వాసన దాక్కుంటుంది, అరచేతిలో వెచ్చబడ్డాక బయటపడుతుంది. చిల్డ్ బీరుకు ఇన్ని మంచి రేటింగులు ఎందుకొస్తాయో అర్థమైందిగా.

గొట్టాలను రెండు వారాలకోసారి కడగాలన్నది అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ చెప్పే లెక్క. ‘లైన్లు ఎప్పుడు కడిగారు, ఈ బ్యాచ్ ఎప్పుడు ట్యాప్‌కు ఎక్కించారు’ అని అడగండి. మంచి చోట వెంటనే తేదీ చెబుతారు.

ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన వస్తే దాన్ని డీఎంఎస్ అంటారు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కషాయాన్ని మూత తీసి తెర్లేలా మరిగిస్తే ఆవిరితో పోవాల్సింది, మరుగు చాలక ఉండిపోతుంది. పచ్చి యాపిల్ వాసన వస్తే తొందరపడి ట్యాంకు దించేశారని. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి బీరు ముసలిదైందని. ఆసుపత్రి వాసన, బ్యాండ్-ఎయిడ్ వాసన నీళ్లలోని క్లోరిన్ వల్ల కావచ్చు. పులుపు సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు: పొద్దున దించిన కల్లు తీపి, సాయంత్రానికి పులుపు. లాగర్‌లో అలాంటి పులుపు తగిలితే బ్యాక్టీరియా చేరినట్టే. గోజె, బెర్లినర్ వైస్ లాంటి పుల్లటి బీర్లకు మాత్రం ఆ పులుపే అందం.

ఇంకోటి, సముద్రం కనిపించే ఎండ బల్ల. హాప్స్ ఉన్న బీరు మీద ఎండ పడితే కొద్ది నిమిషాల్లోనే కాలిన రబ్బరు, వెల్లుల్లి కలిసినట్టు ఘాటు వాసన కొడుతుంది. అది బ్రూవర్ తప్పు కాదు. నీడలో కూర్చోండి.

[దృశ్యం: కాగితం మీద చేత్తో రాసిన మార్కుల పట్టిక.]

మార్కులకు మేము బీజేసీపీ పద్ధతి వాడతాం. బీరు జడ్జిల కోసం 1985లో అమెరికాలో మొదలైన సంస్థ అది. మొత్తం 50: వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు (పలచనా, చిక్కనా, బుడగలెంత) 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. చూపుకు మూడే మార్కులు, గమనించండి.

ఒక హెఫెవైజెన్ వేసి చూద్దాం. చక్కరకేళి స్పష్టం, లవంగం పలచన: వాసన 9. మసక బాగుంది, నురగ త్వరగా కూలింది: చూపు 2. గోధుమ రొట్టె రుచి ఉంది, చివర తీపి కాస్త మిగిలింది: రుచి 14. నోటికి తగిలే తీరు 4. మొత్తం మీద 7. కలిపితే 36. 30 నుంచి 37 అంటే చాలా బాగుందని, 38 దాటితే అద్భుతమని, 45 దాటేవి అరుదు.

ఇదే అరటి వాసన లాగర్‌లో వస్తే మార్కులు కోయాలి, ఎందుకంటే అక్కడ అది ఈస్ట్ మరీ వెచ్చగా పులిసిన గుర్తు. బీరు ఏ రకమని బోర్డు మీద రాశారో ఆ రకానికి ఎంత దగ్గరగా ఉందన్నదే ఇక్కడ తూకం. మీకు చేదు పడదు కాబట్టి ఐపీఏకి 20 వేస్తే అది మీ ఇష్టాన్ని చెబుతుంది తప్ప బీరును చెప్పదు. ఇష్టానికి పక్కన వేరే గడి పెట్టుకోండి. అన్‌టాప్డ్ అనే బీరు రేటింగ్ యాప్‌లో ఇచ్చే 5 నక్షత్రాలు సరిగ్గా అందుకే పనికొస్తాయి.

[దృశ్యం: ఖాళీ ట్రే. పక్కన కాలిక్యులేటర్.]

‘శాంప్లరే కదా’ అనేవాళ్లకు లెక్క. ఐదు గ్లాసులు, 120 మి.లీ. చొప్పున 600 మి.లీ. 5 శాతం చొప్పున 30 మి.లీ. ఆల్కహాల్, బరువులో 24 గ్రాములు. 650 మి.లీ. బాటిల్‌కు కాస్త తక్కువ, అంతే. 70 కిలోల మగవాళ్ల రక్తంలో ఇది 100 మి.లీ.కు సుమారు 50 మి.గ్రా. దాకా వెళ్లొచ్చు. మోటారు వాహనాల చట్టంలో పరిమితి 30. బండి ఇంట్లో పెట్టి ఆటోలో రండి. గ్లాసులో సగం వదిలేసినా మార్కులు వేయొచ్చు, జడ్జిలూ అదే చేస్తారు. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకు ఈ ట్రే ఎలాగూ రాదు.

[దృశ్యం: కళ్లు మూసుకున్న వ్యక్తి ముందు ఒకేలాంటి మూడు గ్లాసులు.]

మీ నాలుక నిజం చెబుతోందా అన్న అనుమానం ఉంటే ఇది చేయండి. రెండు గ్లాసుల్లో ఒకే బీరు, మూడో దాంట్లో దానికి దగ్గరగా ఉండే ఇంకోటి, ఒక్కో దాంట్లో రెండు గుక్కలే. పోసేది మీ స్నేహితుడు, మీరు అటు తిరిగి ఉండాలి. వేరేది ఏదో పట్టుకోవాలి. ఒకసారి పట్టుకుంటే గొప్పేం కాదు, గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది. వరుసగా మూడుసార్లు గుడ్డిగా తగిలే అవకాశం మాత్రం 27లో ఒకటే. విట్, హెఫెవైజెన్ జంటతో మొదలుపెట్టండి. ధనియాలు ఏ గ్లాసులో ఉన్నాయో వెతకండి.